చెవిలో హోరు పుట్టేది మెదడులో

శ్రోతలకు నమస్కారం.

రాత్రి అందరూ పడుకున్నాక కొందరికి చెవిలో ఒక మోత మొదలవుతుంది. కొందరికి కీచుమని, కొందరికి గుయ్యిమని, ఇంకొందరికి హోరుమని. లేచి ఫ్యాన్ కట్టేసి చూస్తారు, కిటికీ మూసి చూస్తారు. మోత ఆగదు. పక్కవాళ్లను అడిగితే ‘నాకేం వినబడట్లేదే’ అంటారు. డాక్టర్లు దీన్ని టిన్నిటస్ అంటారు. పెద్దవాళ్లలో నూటికి 10 నుంచి 15 మందికి ఇది ఎంతో కొంత ఉంటుంది. ‘అంతా నీ భ్రమ’ అని ఇంట్లోవాళ్లు కొట్టిపారేస్తే ఆ మనిషి ఒంటరైపోతాడు. అందుకే ముందే చెబుతున్నాను, అది భ్రమ కాదు. శబ్దం బయట లేకపోవచ్చు గానీ, మెదడులో వినికిడికి సంబంధించిన కణాలు నిజంగానే పనిచేస్తూ ఉంటాయి.

కథ మొదలయ్యేది మాత్రం చెవిలోనే. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకుని ఉండే భాగం పేరు కాక్లియా. ఒక్కో చెవిలో అక్కడ సుమారు 15,000 రోమకణాలుంటాయి. శబ్దం తగిలి కర్ణభేరి అదిరితే, దాని వెనక ఉన్న మూడు చిన్న ఎముకలు కదిలి, కాక్లియాలోని ద్రవంలో అల లేస్తుంది. ఆ అలకు రోమకణాల తలమీది సన్నని పోగులు పక్కకు వంగుతాయి. అలా వంగినప్పుడు కణంలో విద్యుత్ సంకేతం పుట్టి, శ్రవణ నాడి ద్వారా మెదడుకు చేరుతుంది. ఈ అల ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకే గియార్గ్ ఫాన్ బెకెషీకి 1961లో నోబెల్ బహుమతి వచ్చింది. కీచు స్వరాలను పట్టే కణాలు కాక్లియా మొదట్లో, మంద్ర స్వరాలను పట్టేవి చివర్లో ఉంటాయి.

వయసు వల్లనైనా, పెద్ద శబ్దాల వల్లనైనా ముందు దెబ్బతినేది ఎక్కువగా ఆ మొదట్లోని కణాలే. అందుకే చాలామంది పెద్దవాళ్లు ‘మాట వినబడుతోంది గానీ అర్థం కావట్లేదు’ అంటారు. అచ్చుల బలం కింది స్వరాల్లో ఉంటుంది, అవి చెవికి చేరతాయి. స, త, క లాంటి హల్లుల గుర్తులు పై స్వరాల్లో ఉంటాయి, అవి జారిపోతాయి. ఎదుటివాళ్లు ‘కల’ అన్నారో ‘తల’ అన్నారో తేలదు. అలాంటివాళ్ల దగ్గర అరిచి ప్రయోజనం లేదు. ఎదురుగా నిలబడి, నిదానంగా, తేటగా చెప్పాలి.

పక్షుల్లో చచ్చిన రోమకణాలు మళ్లీ పుడతాయి. మనుషుల్లో పుట్టవు. 85 డెసిబెల్స్ మోతలో రోజుకు 8 గంటలకు మించి ఉండకూడదంటారు. ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. అంటే 100 డెసిబెల్స్ దగ్గర 15 నిమిషాలే. జెంటామైసిన్ లాంటి కొన్ని యాంటీబయాటిక్స్, సిస్‌ప్లాటిన్ అనే క్యాన్సర్ మందు కూడా ఈ కణాలను దెబ్బతీయగలవు. ఒక్కోసారి మాత్రం చెవిలో హోరుకు కారణం ఉత్త గులిమే, డాక్టర్ తీసేస్తే సరిపోతుంది.

పెద్ద మోత విన్న రోజు చెవులు దిబ్బడేసి, ఒకటి రెండు రోజుల్లో మామూలైపోతాయి కదా. ఇక ఫర్వాలేదని అనుకుంటాం. 2009లో షారన్ కుజావా, చార్లెస్ లిబర్‌మన్ అనే పరిశోధకులు ఎలుకల్లో చూసిందేమిటంటే, వినికిడి మామూలు స్థాయికి వచ్చినా, రోమకణాలకూ నాడికీ మధ్య ఉండే అతుకులు సగం దాకా శాశ్వతంగా తెగిపోయాయి.

ఇక మెదడు సంగతి. చెవి నుంచి రావాల్సిన సంకేతాలు తగ్గినప్పుడు మెదడు ఊరుకోదు. స్టేషన్ సరిగా అందనప్పుడు మనం రేడియో వాల్యూమ్ పెంచితే గరగర కూడా పెరిగినట్టు, మెదడు తన సున్నితత్వాన్ని పెంచుకుంటుంది. అక్కడి కణాలు ఊరికే ఉన్నప్పుడు కూడా కొద్దిగా సంకేతాలు పంపుతూనే ఉంటాయి. అవి ఇప్పుడు పెరిగి శబ్దంగా వినిపిస్తాయి. ఎక్కువమందిలో ఆ మోత స్వరం, వాళ్లు కోల్పోయిన స్వరాల పరిధిలోనే ఉంటుంది. శ్రవణ నాడిని కోసేసినా చాలామందిలో మోత పోలేదు. కాలు తీసేసిన మనిషికి లేని కాలు నొప్పి పెట్టడం కూడా ఇలాంటిదే. కొందరికి దవడ బిగిస్తేనో మెడ తిప్పితేనో మోత మారుతుంది. దవడ, మెడల నుంచి వచ్చే నాడులు మెదడులో వినికిడి దారిని కలుసుకోవడమే అందుకు కారణం.

1953లో హెల్లర్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు, వినికిడి బాగున్న 80 మందిని శబ్దం చొరబడని గదిలో కూర్చోబెట్టారు. వాళ్లలో నూటికి 94 మంది ఏదో ఒక మోత విన్నామన్నారు. అంటే ఈ మోతకు కావలసిన సరంజామా అందరి మెదడులోనూ ఉంది. కొందరికే అది బాధ ఎందుకవుతుందంటే, భయాన్ని చూసుకునే అమిగ్డలా లాంటి భాగాలు దాన్ని ప్రమాదంగా పట్టుకుంటాయి. అప్పుడు దృష్టంతా దానిమీదే ఉంటుంది, నిద్ర పట్టదు, టెన్షన్‌తో మోత ఇంకా పెరిగినట్టు అనిపిస్తుంది.

నాకు బాధ కలిగించేది, ‘దీనికి మందు లేదు, అలవాటు చేసుకోండి’ అని ఒక్క ముక్కలో చెప్పి పంపేయడం. మోతను పూర్తిగా మాన్పే మాత్ర లేనిమాట నిజమే. కానీ వినికిడి తగ్గినవాళ్లకు హియరింగ్ ఎయిడ్ పెడితే మెదడుకు సంకేతాలు అంది, చాలామందికి మోత వెనక్కి తగ్గుతుంది. పడకగదిలో పూర్తి నిశ్శబ్దం బదులు మెల్లని శబ్దం ఏదైనా ఉంటే మేలు. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అనే కౌన్సెలింగ్ పద్ధతి వల్ల మోత తగ్గకపోయినా, దానివల్ల కలిగే బాధ తగ్గుతుందని పరిశోధనల్లో బాగా తేలింది.

ఒక్క చెవిలోనే మోత వస్తున్నా, నాడి కొట్టుకున్నట్టు లయగా వినిపిస్తున్నా ఈఎన్‌టి డాక్టర్‌కు చూపించండి. ఒక చెవికి ఉన్నట్టుండి వినికిడి తగ్గిపోతే మాత్రం అది అత్యవసరం. స్టెరాయిడ్ చికిత్స మొదటి రోజుల్లో ఇస్తేనే వినికిడి తిరిగొచ్చే అవకాశం ఎక్కువ. జలుబు వల్లనేమో చూద్దాంలే అని వారాలు గడపకుండా ఆ రోజే వెళ్లండి.