సెలైన్ సీసా మీద భక్తి

శ్రోతలకు నమస్కారం.

పసిబిడ్డకు విరేచనాలు పట్టుకుంటే మన విజయవాడ క్లినిక్కుల్లో తరచూ వినిపించే మాట ఒకటుంది: "ఒక సెలైన్ ఎక్కించండి డాక్టర్ గారూ!" బిడ్డ చక్కగా నీళ్లు తాగుతున్నా సరే, ఓఆర్ఎస్ ప్యాకెట్, అంటే నీళ్లలో కలిపి తాగించే ఉప్పు, గ్లూకోజు పొడి, చేతిలో పెడితే తల్లి ముఖం చిన్నబోతుంది. ఈ పొడి కోసమా సింగ్ నగర్ నుంచి ఆటో కట్టించుకుని వచ్చింది!

1971లో, బంగ్లాదేశ్ యుద్ధ కాలంలో, పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగింది. సెలైన్ నిల్వలు అడుగంటాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో నింపించి, బంధువుల చేతనే రోగులకు తాగించారు. ముప్పై శాతం దాకా ఉన్న మరణాలు 3.6 శాతానికి దిగాయి. ఆ డ్రమ్ముల మీద రాయించిన పేరు "ఓరల్ సెలైన్", అంటే నోటితో తాగే సెలైన్. జనం మనసు తెలిసిన మనిషి!

శిబిరంలో నెగ్గిన ఈ వైద్యం వంటింటి గడప దాటడానికి వేరే పాట్లు పడింది. 1980లో బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ మహిళా కార్యకర్తలను ఇంటింటికీ పంపింది. తల్లులకు వాళ్లు నేర్పిన కొలత: గుప్పెడు బెల్లం, మూడు వేళ్లకు వచ్చినంత ఉప్పు, అర సేరు (దాదాపు అర లీటరు) నీళ్లు. తర్వాత ఇంకొకరు వెళ్లి కొన్ని ఇళ్లలో తల్లులను ప్రశ్నించేవారు. వాళ్లకు ఎంత గుర్తుంటే కార్యకర్తకు అంత జీతం. మన దగ్గర ఎన్ని శిక్షణలకు ఇలాంటి లెక్క ఉంది? అయినా మొదట్లో వాడినవారు తక్కువే. ఆరా తీస్తే, నేర్పే కార్యకర్తల్లోనే చాలామంది తమకు విరేచనాలైతే మాత్రలు మింగుతున్నారని బయటపడింది! ముందు వాళ్లను నమ్మించి, ఇళ్లలోని మగవాళ్లకూ చెప్పాక గానీ పని సాగలేదు.

ఓఆర్ఎస్‌తో పాటు జింక్ మాత్రలు కూడా ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2004లోనే చెప్పాయి. పది నుంచి పద్నాలుగు రోజులు వాడాలి. కానీ మన ఇళ్లలో విరేచనాలు కట్టిన మూడో రోజే ఆ మాత్రలు అలమారలోకి వెళ్లిపోతాయి.

ఆశా కార్యకర్తలకు నాదొక విన్నపం. ప్యాకెట్ ఇచ్చి వెళ్లిపోకండి. పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లకు సరిపోయే కొలత. కొందరు గ్లాసులో కొలత లేకుండా పొడి వేసి, చిక్కగా కలిపేస్తారు. అది బిడ్డకు హాని. ప్రతి ఇంట్లో లీటరు మంచినీళ్ల సీసా ఉంటుంది కదా. దాన్నే తెమ్మని, మీ ముందే తల్లి చేత కలిపించండి. బిడ్డ తాగలేకపోతున్నా, మగతగా ఉన్నా, విరేచనంలో రక్తం కనిపించినా అప్పుడు మాత్రం ఆసుపత్రికి పరుగెత్తమనండి.