మామూలు జ్వరమే అంటూ లెక్కలో వేయని చావులు

నమస్కారం. వానలు మొదలైతే వైజాగ్‌లో ఏ మెడికల్ షాపు దగ్గర నిలబడినా ఒకటే మాట. "జ్వరం, ఒళ్ళు నొప్పులు, గొంతు మంట. రెండు రోజులకి మాత్రలు ఇవ్వండి." చేతిలో డాక్టర్ చీటీ ఉండదు. కుర్రాడు కత్తెర తీసి స్ట్రిప్పులు కత్తిరిస్తాడు. రెండు అజిత్రోమైసిన్, నాలుగు పారాసిటమాల్, రెండు సెట్రిజిన్. కాగితం కవర్లో వేసి "తిన్నాక వేసుకోండి" అంటాడు. అది ఏ జ్వరమో ఎవరూ అడగరు, ఎక్కడా రాయరు.

అందులో ఫ్లూ కూడా ఉంటుంది. మన దేశంలో అది ఏటా రెండుసార్లు విజృంభిస్తుంది: జనవరి నుంచి మార్చి దాకా ఒకసారి, వానాకాలంలో మరోసారి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా దాదాపు 100 కోట్ల మందికి వస్తుంది. శ్వాస సమస్యలతో చనిపోయేవారే 2 లక్షల 90 వేల నుంచి 6 లక్షల 50 వేల మంది. ఇది మహమ్మారి వచ్చిన ఏడాది లెక్క కాదండీ, మామూలు ఏడాదిది.

మరి మన లెక్క? 2015లో దేశంలో హెచ్1ఎన్1 (స్వైన్ ఫ్లూ అని పిలిచే ఫ్లూ రకం) కేసులు 42 వేలు దాటాయి, దాదాపు 3 వేల మంది పోయారు. అవి పరీక్షలో తేలినవి మాత్రమే. పరీక్షే చేయనివాళ్ళ సంగతేంటి?

గాజువాకలో షుగర్ ఉన్న ఓ పెద్దాయనకి ఫ్లూ వచ్చిందనుకోండి. నాలుగో రోజుకి జ్వరం తగ్గింది, ఇంట్లోవాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు. ఆరో రోజు ఆయాసం, ఛాతీలో నొప్పి. ఆయన పోతే కాగితం మీద న్యుమోనియా అనో, గుండెపోటు అనో ఉంటుంది. ఫ్లూ పేరే ఉండదు. కెనడాలో 2018లో వచ్చిన ఒక అధ్యయనం, ఫ్లూ తేలిన మొదటి వారంలో గుండెపోటు ముప్పు ఆరు రెట్లు ఎక్కువని చూపించింది. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. మనిషిని పోగొట్టుకున్నాక కూడా ఆ ఇంటికి అసలు కారణం తెలియదు.

ఇక ఆ అజిత్రోమైసిన్ సంగతి. అది బ్యాక్టీరియా మీద పనిచేసే యాంటీబయాటిక్. ఫ్లూ వచ్చేది వైరస్ వల్ల. యాంటీబయాటిక్ దాని మీద పనిచేయదు. ఒసెల్టామివిర్ అనే మందు ఉంది, డాక్టర్ రాయాలి, లక్షణాలు మొదలైన 48 గంటల్లో వేసుకుంటేనే బాగా పనిచేస్తుంది. సొంత వైద్యంతో మనం పోగొట్టుకునేది సరిగ్గా ఆ రెండు రోజులే.

టీకా ఉంది. వైరస్ రూపు మారుస్తుంది కాబట్టి ఏటా వేయించుకోవాలి. రక్షణ రావడానికి సుమారు రెండు వారాలు పడుతుంది, అందుకే వానలకు ముందే వేయించుకుంటే మంచిది. కానీ ఇది పిల్లలకీ గర్భిణులకీ ప్రభుత్వం ఉచితంగా వేసే సార్వత్రిక టీకాల జాబితాలో లేదు. ఫిషింగ్ హార్బర్‌లో రోజు కూలీకి వెళ్ళే గర్భిణి సొంత డబ్బుతో కొనుక్కోవాలంటే ఎలా కుదురుతుంది? ముందు ఆమెకైనా ఉచితంగా ఇవ్వాలని నేను గట్టిగా అడుగుతున్నాను.

ఈలోగా మీ ఇంట్లో గర్భిణులు, అయిదేళ్ళలోపు పిల్లలు, వయసు మళ్ళినవాళ్ళు, ఆస్తమా, షుగర్, గుండె జబ్బు ఉన్నవాళ్ళు ఉంటే జ్వరం వచ్చిన మొదటి రోజే డాక్టర్‌కి చూపించండి. ఆయాసం, ఛాతీ నొప్పి, మగత, పెదాలు నీలంగా మారడం, తగ్గిన జ్వరం మళ్ళీ తిరగబెట్టడం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు, రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.