ఈ సిక్స్త్ ఫామ్ కాలేజీకి అంత ఫీజు కట్టవచ్చా? దిద్దిన పేపర్లు చూశాక నా మాట

నమస్కారం. లండన్ చుట్టుపక్కల ఉండే మన తల్లిదండ్రులు చాలాకాలంగా అడుగుతున్న రివ్యూ ఇది. ముందే ఒక సంగతి చెప్పేస్తాను. ఈస్టర్ సెలవుల్లో ఈ కాలేజీ నడిపే రివిజన్ తరగతుల్లో మా అబ్బాయికి ఉచితంగా సీటు ఇచ్చారు. వీడియోకు డబ్బు ఇవ్వలేదు, ఏం చెప్పాలో చెప్పలేదు. అయినా ఆ తరగతులకు మామూలుగా గట్టిగానే వసూలు చేస్తారు కాబట్టి, ఆ విషయం గుర్తుంచుకునే నా మాట వినండి.

కాలేజీ పేరు, ఫీజుల పట్టిక, సబ్జెక్టుల జాబితా వీడియో కింద ఉన్నాయి. మీలో చాలామంది ఇప్పటికే చూసే ఉంటారు, మళ్లీ చదవను. హైదరాబాద్, విజయవాడ నుంచి చూసేవారికి మాత్రం కొంచెం చెప్పాలి. ఇక్కడ పదహారేళ్లకు జీసీఎస్ఈ పరీక్షలు అయ్యాక, యూనివర్సిటీకి వెళ్లేలోపు చదివే రెండేళ్లను సిక్స్త్ ఫామ్ అంటారు. మన ఇంటర్మీడియట్ వయసే. అయితే ఇంగ్లండ్‌లో సిక్స్త్ ఫామ్‌లో చదివే 'ఏ లెవెల్' (A Level) పరీక్షలను మన ఇంటర్‌లా ఏడాదికోసారి రాయరు. రెండేళ్ల పాఠాలన్నీ కలిపి చివర్లో రాయాలి. ఎక్కువమంది తీసుకునేది మూడే సబ్జెక్టులు. ఒక్కటి చెడినా చేతికొచ్చిన సీటు పోవచ్చు.

ఇప్పుడు నేను అసలు ఈ వీడియో ఎందుకు చేస్తున్నానో ఆ విషయానికి వస్తాను. ఇక్కడ ప్రతి వారం ప్రతి సబ్జెక్టులోనూ సమయం కట్టి పరీక్ష రాయిస్తారు. వారం వారం పరీక్ష మనకు కొత్త కాదు. కొత్తగా అనిపించింది ఆ పేపర్లు దిద్దే తీరు.

రివిజన్ తరగతుల్లో మా అబ్బాయి రాసిన కెమిస్ట్రీ పేపరే చూపిస్తాను. గ్రాఫైట్‌లో విద్యుత్తు ప్రవహిస్తుంది, వజ్రంలో ఎందుకు ప్రవహించదు? రెండూ కార్బనే కదా. మా వాడికి ఇది బాగా తెలుసు. 'గ్రాఫైట్‌లో ఎలక్ట్రాన్లు స్వేచ్ఛగా ఉంటాయి, వజ్రంలో ఉండవు' అని రాశాడు. ఏ ఇంట్లోనైనా ఇది సరైన జవాబే. టీచర్ ఆ వాక్యం చివర ఒక గీత గీసి, 'మార్కు ఇక్కడితో ఆగింది' అని రాశారు. దాని కింద మూడు ప్రశ్నలు. ఒక్కో కార్బన్ పరమాణువు ఎన్ని బంధాలు ఏర్పరుస్తుంది? మిగిలిన ఎలక్ట్రాన్ ఎక్కడుంది? అది ఎటు కదలగలదు? జవాబు మాత్రం రాయలేదు. మళ్లీ రాసి తెమ్మన్నారు. రెండోసారి వాడు రాసింది చూడండి. గ్రాఫైట్‌లో ప్రతి కార్బన్‌కు మూడు బంధాలే, నాలుగో ఎలక్ట్రాన్ పొర వెంట కదులుతుంది. వజ్రంలో నాలుగూ బంధాల్లోనే ఉండిపోతాయి, కదలడానికి ఏదీ మిగలదు. పిల్లవాడు అదే, పుస్తకం అదే. జవాబు ఎక్కడిదాకా వెళ్లాలో ఇప్పుడు తెలిసింది.

ఏక్యూఏ, ఓసీఆర్, ఎడెక్సెల్ లాంటి ఇక్కడి పరీక్షల బోర్డులు పాత పేపర్లనూ, వాటిని ఎలా దిద్దాలో చెప్పే మార్క్ స్కీములనూ ఉచితంగానే ఇంటర్నెట్‌లో పెడతాయి. వాటిని ఎవరైనా దించుకోవచ్చు. కానీ పిల్లవాడి చేతిరాత పక్కన కూర్చుని, ఏ పదం దగ్గర మార్కు వచ్చింది, ఏ వాక్యం దగ్గర జారిపోయింది అని చూపించే మనిషి కావాలి. తరగతిలో పది మంది లోపే ఉన్నారు కాబట్టి ఇక్కడ ఆ పని జరుగుతోంది. అనుమతి తీసుకుని ఇయర్ 12, అంటే సిక్స్త్ ఫామ్ మొదటి ఏడాది, తరగతిలో వెనక కూర్చున్నాను. ఆర్థికశాస్త్రం టీచర్ ఒక అమ్మాయి వ్యాసాన్ని, ఆమె ఒప్పుకున్నాకే, తెర మీద పెట్టి తరగతి అంతటితోనూ దిద్దించారు. ఏ పేరాలో వాదన ఉంది, ఏ పేరాలో విషయం చెప్పి వదిలేసింది అని పిల్లలే పట్టుకుంటున్నారు. చూస్తుంటే నాకు ఎంత సంతోషం వేసిందో!

మా పెద్దమ్మాయి చదివిన ప్రైవేటు కాలేజీలో పేపర్లు వారాల తరబడి తిరిగి వచ్చేవి కావు. వచ్చినా మీద ఒక శాతం, కింద 'బాగుంది' అనే మాట. ప్రిడిక్టెడ్ గ్రేడ్లు మాత్రం ధారాళంగా ఇచ్చారు. ఇక్కడి పద్ధతి తెలియనివారికి చెబుతున్నాను. యూనివర్సిటీ దరఖాస్తులన్నీ తీసుకునే యూకాస్ సంస్థ ద్వారా దరఖాస్తు చేసేనాటికి అసలు పరీక్షలు అయి ఉండవు కాబట్టి, టీచర్లు అంచనా వేసి పంపిన గ్రేడ్లను చూసే యూనివర్సిటీలు షరతుతో సీటు ఇస్తాయి. ఆగస్టులో ఫలితాలు వచ్చాయి, అంచనా తప్పింది, మా అమ్మాయి సీటు పోయింది. ఆ రోజంతా క్లియరింగ్ ఫోన్లతోనే, అంటే మిగిలిపోయిన సీట్ల కోసం యూనివర్సిటీలకు చేసే ఫోన్లతోనే, గడిచింది. తనకు ఆ గ్రేడ్లు ఇచ్చినవాళ్లెవరూ ఆ రోజు ఫోను ఎత్తలేదు. ఆ కోపం నాకు ఇంకా పోలేదు. 2016లో యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధన ఒకటి వచ్చింది. అంచనా వేసిన గ్రేడ్లు సరిగ్గా వచ్చినవారు వందలో 16 మందే. 75 మందికి ఉన్నదానికంటే ఎక్కువ వేశారు. అది చదివాక, మా ఇంట్లో జరిగింది ఎన్ని ఇళ్లలో జరుగుతోందో అర్థమైంది.

అందుకే ఇక్కడ మొదట అడిగింది ఇదే: గ్రేడు ఎలా నిర్ణయిస్తారు? వారం వారం రాసిన పేపర్ల కట్ట తెచ్చి ముందు పెట్టారు. తల్లిదండ్రులు వచ్చి పెంచమంటే అని అడిగాను. ఈ కట్టలో ఏ పేపరు చూసి పెంచమంటారో చూపించమంటాం అన్నారు. నాకు కావలసిన జవాబు అదే.

దరఖాస్తుకు సాయం బాగానే ఉంది. 2026 ప్రవేశాల నుంచి పర్సనల్ స్టేట్‌మెంట్‌ను, అంటే దరఖాస్తుతో పాటు పిల్లలు తమ గురించి రాసేదాన్ని, ఒకే వ్యాసంగా కాక మూడు ప్రశ్నలకు జవాబులుగా రాయాలి, మొత్తం 4,000 అక్షరాల లోపు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, మెడిసిన్ దరఖాస్తులకు గడువు అక్టోబరు 15. దానికి తగ్గట్టు వేసవికి ముందే మొదలుపెడుతున్నారు.

నాకు నచ్చనిది ఒకటి ఉంది, చాలా గట్టిగా నచ్చలేదు. ముందు హాలు నిండా పోయిన ఏడాది ఫలితాల శాతాలు. ఇయర్ 12లో ఎంతమంది చేరారు, ఇయర్ 13 చివర ఎంతమంది పరీక్ష రాశారు అని అడిగితే ఇంతవరకు జవాబు లేదు. ఇది చిన్న ప్రశ్న కాదు. 2017లో ఓర్పింగ్టన్‌లోని సెయింట్ ఓలేవ్స్ గ్రామర్ స్కూలు, మొదటి ఏడాది మార్కులు తగ్గిన పిల్లలను రెండో ఏడాదికి రానివ్వకపోతే తల్లిదండ్రులు న్యాయపోరాటానికి దిగారు, స్కూలు వెనక్కి తగ్గింది. బలహీనులను మధ్యలో పంపేస్తే ఎవరి శాతమైనా పెరుగుతుంది.

ఫీజు ఎక్కువే. 2025 జనవరి 1 నుంచి ప్రైవేటు స్కూలు ఫీజుల మీద 20 శాతం వ్యాట్ కూడా పడుతోంది. ఇంటి దగ్గర మంచి ప్రభుత్వ సిక్స్త్ ఫామ్ ఉంటే, పిల్లలు అక్కడ బాగా రాస్తుంటే, ఈ డబ్బు పెట్టకండి. ఈస్ట్ హామ్‌లోని బ్రాంప్టన్ మేనర్ ప్రభుత్వ పాఠశాలే. 2021లో అక్కడి పిల్లలకు ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌ల నుంచి 55 ఆఫర్లు వచ్చాయి, పేరుమోసిన ప్రైవేటు స్కూలు ఈటన్‌కు 48. హైదరాబాద్ నుంచి పదో తరగతి కాగానే పిల్లలను పంపాలనుకునేవారు ఇంకో విషయం తెలుసుకోండి. చదువు కోసమే ఇక్కడ గడిపిన ఏళ్లు సాధారణంగా స్థానికుల ఫీజుకు అర్హత ఇవ్వవు. 'ఏ లెవెల్స్' ఇక్కడే చదివినా యూనివర్సిటీలో విదేశీ విద్యార్థి ఫీజే కట్టాలి. ఏజెంట్లు ఈ మాట ముందుగా చెప్పరు.

విషయం తెలిసి కూడా కాగితం మీద మార్కులు పోగొట్టుకునే పిల్లలకు మాత్రం ఈ కాలేజీ గట్టిగా చెబుతాను. మా వాడు అలాంటివాడే, ఇక్కడే చేర్చాలని ఉంది. అడ్వాన్సు కట్టేముందు ఆ చేరినవారి, రాసినవారి లెక్క రాతపూర్వకంగా తీసుకుంటాను. వస్తే వీడియో కింద పెడతాను, రాకపోతే అదీ పెడతాను. మీరు ఏ కాలేజీ ఓపెన్ డేకి, అంటే తల్లిదండ్రులను పిలిచి కాలేజీ చూపించే రోజుకి, వెళ్లినా, పేరు కప్పేసి అయినా సరే, పోయిన వారం దిద్దిన పేపరు ఒకటి చూపించమని అడగండి. ఏం చూపించారో కామెంట్లలో రాయండి.