ఓపెన్‌కాస్ట్‌లో బొగ్గు కంటే రాయే ఎక్కువ

[దగ్గరి షాట్: టేబుల్ మీద బూడిద తెలుపు రంగు రాయి ముక్క, పక్కన గ్లాసులో నీళ్లు]

ఈ రాయి మీద ఒక చెంచా నీళ్లు పోస్తున్నాను, చూడండి. జారిపోలేదు. రాయే తాగేసింది. ఇప్పుడు బొటనవేలితో అంచు రుద్దితే... ఇదిగో, ఇసుక రాలుతోంది.

రామగుండం, కొత్తగూడెం వైపు సింగరేణి గనుల్లో బొగ్గు పొరల మధ్య ఎక్కువగా ఉండేది ఇలాంటి ఇసుకరాయే. దుమ్ము, ఊరి పక్కన లేచిన మట్టిగుట్ట, ఎండిన బావి... ఓపెన్‌కాస్ట్, అంటే నేలను పైనుంచే తవ్వుకుంటూ పోయే గని దగ్గర ఏ సంగతి తీసినా చివరికి ఈ రాయి దగ్గరికే వస్తాం.

[మ్యాప్: ప్రాణహిత, గోదావరి లోయ. ఇల్లెందు దగ్గర చుక్క వెలుగుతుంది]

1871లో ఇల్లెందు దగ్గర జియలాజికల్ సర్వేకి చెందిన విలియం కింగ్ బొగ్గును గుర్తించాడు. అక్కడి మేలురకం పొరను ఇప్పటికీ కింగ్ సీమ్ అనే పిలుస్తారు. రాజు ఒక్కడే ఉంటే ఏం బాగుంటుందనుకున్నారో ఏమో, క్వీన్ సీమ్ కూడా ఉంది.

[యానిమేషన్: కింది నుంచి పైకి పేరుకుంటున్న పొరలు]

అన్నిటికన్నా అడుగున తాల్చిర్ పొరలు. వాటిలో మంచునదులు మోసుకొచ్చి వదిలేసిన గుండ్లు కనిపిస్తాయి. ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటే చోట, కాళ్ల కింద మంచు ఆనవాళ్లన్నమాట! ఆ మంచు కరిగాక ఇక్కడ చిత్తడి అడవులు పెరిగాయి. ఇది 25 కోట్ల ఏళ్లకు ముందు మాట. గ్లోసోప్టెరిస్ అనే చెట్ల ఆకులు, కొమ్మలు బురదలో కూరుకుపోయేవి. వాటి మీద నది ఇసుక పరిచేది. మళ్లీ అడవి, మళ్లీ ఇసుక. అందుకే బొగ్గు ఒకే ముద్దగా దొరకదు, పొరలు పొరలుగా దొరుకుతుంది. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటసారస్ డైనోసార్ కూడా ఈ లోయదే. కాకపోతే అది చాలా తర్వాతి కాలపు పై పొరల్లో దొరికింది.

[అడ్డకోత బొమ్మ: ఏటవాలు పొరలు, మధ్యలో విరుపు]

ఈ పొరలు బల్లపరుపుగా లేవు, వాలుగా ఉన్నాయి. పొర నేలకు దగ్గరగా ఉన్న చోట తవ్వకం మొదలుపెట్టి, వాలు వెంట లోతుకు దిగుతారు. వాలు ఆరింట ఒక వంతు ఉందనుకోండి, 600 మీటర్లు ముందుకెళ్లేసరికి బొగ్గు 100 మీటర్లు కిందికి దిగుతుంది. దీనికి తోడు ఫాల్టులు, అంటే రాతి పొరలు విరిగి జరిగిన చోట్లు. ఇవాళ తవ్వే యంత్రం (షావల్) ముందు నల్లగా ఉన్న గోడ, రేపు ఉన్నట్టుండి తెల్లరాయి అవుతుంది. బొగ్గు ఎక్కడికీ పోలేదు, ఫాల్టు అవతల పైకో కిందికో జరిగింది.

[డంపర్ పక్కన నిలబడ్డ మనిషి. చక్రం అతని తల దాటి ఉంటుంది]

బొగ్గు మీదున్న మట్టిని, రాయిని ఓబీ అంటారు, అంటే ఓవర్‌బర్డెన్. సింగరేణి ఓపెన్‌కాస్టుల్లో సగటున టన్ను బొగ్గుకు 6 క్యూబిక్ మీటర్లకు అటూ ఇటూగా ఓబీ తీయాలి. బరువులో చెప్పాలంటే టన్ను బొగ్గుకు 12 టన్నులకు పైనే రాయి. పైగా పగలగొట్టిన రాయి ఉబ్బుతుంది, పావు వంతుకు పైగా ఎక్కువ చోటు పడుతుంది. ఊరవతల ఆ గుట్టలు అలా లేచినవే. రాయిని పగలగొట్టాలంటే బ్లాస్టింగ్ తప్పదు. బయటి ఇళ్ల దగ్గర అదురు 8 హెర్ట్జ్ లోపు, అంటే సెకనుకు 8 ఊపుల లోపు ఉంటే, నేల కదిలే వేగం సెకనుకు 5 మిల్లీమీటర్లు దాటకూడదని గనుల భద్రతా డైరెక్టరేట్ నిబంధన. ఇది గోడ కోసం పెట్టిన లెక్క. మనిషికి అంతకంటే తక్కువ అదురు కూడా తెలుస్తుంది, అందుకే గొడవ ఆగదు.

[రాయి మీద మళ్లీ చెంచాతో నీళ్లు. ఆ వెంటనే: ఎండిన చేదబావి, పక్కన నిండు చెరువు]

ఇప్పుడు అసలు సంగతి, నీళ్లు. ఈ ఇసుకరాయి రేణువుల సందుల్లోనే ఊళ్ల భూగర్భ జలం ఉంటుంది. మీ చేదబావి లోతు 12 మీటర్లు అనుకోండి. పక్కనే 150 మీటర్ల గొయ్యి తవ్వితే, అది చుట్టుపక్కల అన్నిటికన్నా లోతైన బావి అయిపోతుంది. నీళ్లు అటే వాలతాయి. గనిలో నీళ్లు నిలిస్తే పని సాగదు కాబట్టి అడుగున సంపు తవ్వి, రాత్రీ పగలూ మోటార్లతో తోడుతూనే ఉంటారు. ఆ నీళ్లు వదిలిన చెరువు నిండుగా ఉంటుంది, దాని పక్క బావిలో బొక్కెన అడుగు తగులుతుంది.

అన్ని బావులూ ఒకేలా ఎండవు. మధ్యలో బంకమట్టి పొరో, ఫాల్టో అడ్డుంటే అవతలి బావి నిక్షేపంగా ఉంటుంది. "ఆయన బావికి లేని రోగం నీ బావికెందుకు?" అని రైతుతో వాదించే ముందు, అడుగున రాయి ఎలా ఉందో చూడాలి.

ఒక్క విషయంలో ఈ లోయ అదృష్టం చేసుకుంది. ఇక్కడి బొగ్గులో గంధకం తక్కువ. మేఘాలయ జైంతియా కొండల్లో గని నీళ్లు ఆమ్లంగా మారి వాగుల్లో చేపలు చచ్చాయి. ఆ స్థాయి బెడద ఇక్కడ లేదు.

[హాల్ రోడ్డు మీద నీళ్ల ట్యాంకర్. వెనక పొగ]

దుమ్ము సంగతికొస్తే, నల్లది కంటికి కనిపిస్తుంది. తెల్లదాన్ని ఎవరూ పట్టించుకోరు. ఇసుకరాయి నుంచి లేచే సన్నటి దుమ్ములో సిలికా ఉంటుంది, ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడతాయి. ఇక పాత భూగర్భ గనుల మీదే ఓపెన్‌కాస్ట్ తెరిచిన చోట, అప్పట్లో పైకప్పు కూలకుండా వదిలేసిన బొగ్గు స్తంభాలకు గాలి తగిలి వాటంతటవే వేడెక్కి రాజుకుంటాయి. అగ్గిపుల్ల అక్కర్లేదు.

[రాలిన ఇసుకను అరచేతిలో పోస్తూ]

ఈ రాతిని నలిపి, కడిగి, భూగర్భ గనుల్లో బొగ్గు తీసిన ఖాళీలు నింపడానికి గోదావరి ఇసుక బదులు వాడుతున్నారు. నాకు ఈ ఏర్పాటు బాగా నచ్చింది. చాలా ఓబీ అదే గోతిలోకి తిరిగి వెళ్తుంది. కానీ చివరి గొయ్యి పూర్తిగా పూడదు. మోటార్లు ఆపాక అందులోకి ముందు వాననీళ్లు చేరతాయి, తర్వాత ఇసుకరాయి గోడల్లోంచి ఊట మొదలవుతుంది. చుట్టూ బావుల్లో నీటిమట్టం కూడా ఆ గొయ్యి నిండే కొద్దీ, ఏళ్ల మీద, పైకి లేస్తుంది.