ఎమర్జెన్సీ అలర్ట్ మన ఫోన్‌దాకా ఎలా వస్తుంది? అందులో ఏం రాయాలి?

నమస్కారం. ఈ వీడియో మొదట్లోనే ఒక మాట. ఎమర్జెన్సీ అలర్ట్ వచ్చినప్పుడు ఫోన్ చేసే ఆ పెద్ద శబ్దాన్ని నేను ఇక్కడ వినిపించను. ఉత్తుత్తిగా వినీ వినీ చెవులకు అలవాటైపోతే, నిజంగా మోగిన రోజున ఎవరూ తలెత్తి చూడరు. అమెరికాలో అయితే, ప్రమాదం లేకుండా ఆ శబ్దాన్ని టీవీలో గానీ రేడియోలో గానీ వేయడం నిషేధం. ఆ నియమం నాకు చాలా సబబుగా అనిపిస్తుంది.

సరే, విషయంలోకి వెళ్దాం. చాలామంది ఈ అలర్ట్‌ని ఎస్సెమ్మెస్ అనుకుంటారు. కాదు. ఎస్సెమ్మెస్ అంటే ఇంటింటికీ ఉత్తరం వేయడం లాంటిది. పది లక్షల మందికి చెప్పాలంటే పది లక్షల ఉత్తరాలు, ఒకదాని తర్వాత ఒకటి. పైగా ప్రమాదం వచ్చిన వేళ అందరూ ఒకరికొకరు ఫోన్లు చేసుకుంటుంటారు కాబట్టి నెట్‌వర్క్ అప్పటికే కిక్కిరిసి ఉంటుంది. ఉత్తరాలు దారిలోనే ఇరుక్కుపోతాయి.

అలర్ట్ పంపే పద్ధతి వేరు. దాని పేరు సెల్ బ్రాడ్‌కాస్ట్. ఇది చాటింపు. టవర్ ఒక్కసారి చాటితే, ఆ టవర్ కింద ఉన్న ఫోన్లన్నీ ఒకేసారి వింటాయి. వంద ఫోన్లున్నా లక్ష ఫోన్లున్నా టవర్‌కి పడే బరువు ఒక్కటే. దీనికి మీ నంబరు అక్కర్లేదు, యాప్ అక్కర్లేదు, ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. మీరెవరో, ఎక్కడున్నారో పంపినవాళ్లకు తెలియదు. అలర్ట్ వచ్చిందంటే ప్రభుత్వం మన ఫోన్‌ని గమనిస్తోందని భయపడేవాళ్లున్నారు. చాటింపు వేసేవాడికి ఏ ఇంట్లో ఎవరు విన్నారో తెలియనట్టే, ఇక్కడ కూడా తెలియదు. ఫోన్ స్విచాఫ్ అయినా, ఏరోప్లేన్ మోడ్‌లో ఉన్నా మాత్రం ఈ చాటింపు దాన్ని చేరదు.

[స్క్రీన్ మీద: హెచ్చరిక జారీ చేసే కార్యాలయం → సెల్ బ్రాడ్‌కాస్ట్ సెంటర్ → టవర్లు → ఫోన్లు]

దారి ఇదీ. హెచ్చరిక జారీ చేసే కార్యాలయం ప్రమాదం ఏమిటో, ఎక్కడో, ఎప్పటిదాకానో రాసి, మ్యాప్ మీద ఆ ప్రాంతం చుట్టూ గీత గీస్తుంది. అది మొబైల్ కంపెనీలోని సెల్ బ్రాడ్‌కాస్ట్ సెంటర్‌కి చేరుతుంది. ఆ గీత లోపలికి ఏయే టవర్లు వస్తాయో చూసుకుని, ఆ సెంటర్ వాటికి సందేశం అందిస్తుంది. టవర్ దాన్ని ఒక్కసారి చెప్పి ఊరుకోదు, గడువు తీరేదాకా మళ్లీ మళ్లీ చాటుతూనే ఉంటుంది. ప్రతి సందేశానికీ ఒక వరుస సంఖ్య ఉంటుంది కాబట్టి, ఒకసారి విన్న ఫోన్ అదే సందేశానికి మళ్లీ మోగదు. కానీ అరగంట తర్వాత బస్సులో ఆ ప్రాంతంలోకి వచ్చినవాళ్ల ఫోన్ మోగుతుంది. ఈ ఏర్పాటులో నాకు బాగా నచ్చేది ఇదే.

టవర్ పరిధి మనం గీసిన గీత దగ్గర ఆగదు కదా, పక్క ఊరికీ వినిపిస్తుంది. అందుకే అమెరికాలో 2019 చివరి నుంచి గీత వివరాలను కూడా ఫోన్‌కే పంపుతున్నారు. కొత్త ఫోన్లు తాము గీత లోపల ఉన్నామో బయట ఉన్నామో చూసుకుని, అప్పుడు మోగుతాయి.

ఇప్పుడు వేగం సంగతి. జపాన్‌లో 2007 నుంచి భూకంపం ముందస్తు హెచ్చరికలు సామాన్య జనానికి అందుతున్నాయి. భూకంపంలో ముందుగా వచ్చే తేలికపాటి తరంగాన్ని పరికరాలు పసిగడతాయి. దాని వెనకే బలంగా ఊపే తరంగం వస్తుంది. ఆ రెండింటి మధ్య దొరికేది కొన్ని సెకన్లే. అందుకని ఆ తరహా హెచ్చరికలో మొదటి కబురు 4 సెకన్లలో ఫోన్లకు చేరాలని ప్రమాణం పెట్టారు. అంత తక్కువ సమయంలో వాక్యాలు రాయడం కుదరదు, కాబట్టి భూకంపమా, సునామీయా అన్న చిన్న సంకేతం ముందు వెళ్తుంది. వివరాలు తర్వాత వస్తాయి.

మరో పక్క చూడండి. 2024 అక్టోబర్ 29న స్పెయిన్‌లోని వాలెన్సియా ప్రాంతాన్ని వరద ముంచెత్తింది. ఫోన్లకు అలర్ట్ వచ్చేసరికి రాత్రి 8 దాటింది. అప్పటికే కొన్ని ఊళ్లలో నీళ్లు ఇళ్లలోకి వచ్చేశాయి, ప్రాణాలు పోయాయి. ఆ వరదలో మరణించినవాళ్లు 200 మందికి పైనే. టవర్‌కి సెకన్లు చాలు. మీట నొక్కమని చెప్పాల్సిన మనిషికి మాత్రం గంటలు పట్టింది. ఎవరు నిర్ణయించాలి, వాళ్లు దొరక్కపోతే ఎవరు నిర్ణయించాలి అన్నది వాన రాకముందే రాసిపెట్టుకోవాలి. నా దృష్టిలో సాఫ్ట్‌వేర్ కన్నా ఆ కాగితమే ముఖ్యం.

సందేశం రాయడం గురించి కాస్త వివరంగా చెప్తాను. సెల్ బ్రాడ్‌కాస్ట్ సందేశం పేజీలుగా వెళ్తుంది, గరిష్ఠంగా 15 పేజీలు. ఇంగ్లిష్ అక్షరాలైతే పేజీకి 93 పడతాయి. తెలుగు లిపికి సగం కూడా రాదు, పేజీకి సుమారు 40. మొత్తం కలిపితే సుమారు 600. పైగా మన గుణింతాలకు, ఒత్తులకు వేరేగా చోటు కావాలి. 'వరద' మూడు అక్షరాలు, మూడు గళ్లలో సరిపోతుంది. 'విజ్ఞప్తి' కూడా కంటికి మూడు అక్షరాలే. కానీ అది తొమ్మిది గళ్లు తింటుంది!

[స్క్రీన్ మీద మొదటి సందేశం: అధిక వర్షపాతం కారణంగా లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండవలసిందిగా విజ్ఞప్తి.]

ఇది చదివినావిడ ఏం చేయాలి? 'అప్రమత్తంగా ఉండటం' అంటే లేచి వెళ్లడమా, ఇంట్లో కూర్చోవడమా? తానున్నది లోతట్టు ప్రాంతమో కాదో ఆవిడకెలా తెలుస్తుంది? ఇప్పుడు దీన్ని చూడండి.

[స్క్రీన్ మీద రెండో సందేశం: విపత్తు నిర్వహణ శాఖ. నది గట్టు తెగింది. గట్టుకు తూర్పు వైపు ఉన్నవాళ్లు ఇప్పుడే మేడ మీదికి ఎక్కండి. కారు తీయకండి. నీళ్లలో దిగకండి. తర్వాతి కబురు సాయంత్రం 6కి.]

ఎవరు చెప్తున్నారు, ఏమైంది, ఎవరికి, ఏం చేయాలి, మళ్లీ ఎప్పుడు చెప్తారు, అన్నీ ఉన్నాయి. రాశాక పైకి చదివి చూడండి. నిద్రలోంచి లేచిన మనిషికి ఒక్కసారికే అర్థం కావాలి.

సందేశం ఎంత బాగా రాసినా, పొరపాటున వెళ్లిందే అనుకోండి? 2018 జనవరి 13న హవాయిలో అదే జరిగింది. క్షిపణి వస్తోంది, తలదాచుకోండి, ఇది డ్రిల్ కాదు అని ఫోన్లకు సందేశం వెళ్లింది. అది తప్పుడు సందేశమని మళ్లీ ఫోన్లకు చెప్పడానికి 38 నిమిషాలు పట్టింది. ఆ 38 నిమిషాలు పిల్లల్ని గుండెలకు హత్తుకుని కూర్చున్న తల్లిదండ్రులను తలచుకోండి. అలర్ట్ నమూనా తయారు చేసిన రోజే దాన్ని రద్దు చేసే సందేశం కూడా తయారుచేసి పక్కన పెట్టుకోవాలి.

ఇక మీ ఫోన్. సెట్టింగ్స్ తెరిచి, వెతికే చోట 'ఎమర్జెన్సీ అలర్ట్స్' అని కొట్టండి. ఫోన్‌ని బట్టి అది వేరే వేరే చోట్ల ఉంటుంది. ప్రాణాపాయం, తీవ్ర ప్రమాదం అన్నవి ఆన్‌లో ఉన్నాయో లేదో చూడండి. టెస్ట్ అలర్ట్‌లకు విడిగా మీట ఉంటే అదీ ఆన్ చేసుకోండి. వైబ్రేషన్ కూడా ఉండాలి, చెవులు వినిపించనివాళ్లకు అదే దిక్కు.

ఒక్కరికి మాత్రం దీనికి విరుద్ధంగా చెప్పాలి. ఇంట్లో హింస భరిస్తూ, సాయం కోసం రహస్యంగా రెండో ఫోన్ దాచుకున్నవాళ్లకి. చాలా ఫోన్లలో ఈ శబ్దం సైలెంట్‌లో ఉన్నా మోగుతుంది, దాచిన ఫోన్‌ని పట్టించేస్తుంది. 2023 ఏప్రిల్‌లో బ్రిటన్ దేశమంతటా పరీక్ష జరిపినప్పుడు అక్కడి సహాయ సంస్థలు ఈ సంగతే ముందుగా హెచ్చరించాయి. మీరు ఆ స్థితిలో ఉంటే, దాచిన ఫోన్‌లో ఇదే చోటికి వెళ్లి అలర్ట్‌లు ఆఫ్ చేయండి. కొన్ని దేశాల్లో కొన్ని రకాల అలర్ట్‌లను ఆపడం కుదరదు, అప్పుడు వాడనంతసేపూ ఫోన్‌ని పూర్తిగా స్విచాఫ్ చేసి ఉంచండి. బయటికి కనిపించే ఫోన్‌లో మాత్రం అలర్ట్‌లు ఆన్‌లోనే ఉంచండి.