గడ్డపు తొండ పిల్లకు వేడి ఒక్కటే చాలదు

(దృశ్యం: గాజుపెట్టెలో చదునైన రాయిపై పడుకున్న జానెడు పిల్ల. మెడ కింద ముళ్ల వరుస దగ్గరగా.)

నమస్కారం. ఎండకు కొదవలేని తిరుపతిలో బియర్డెడ్ డ్రాగన్ (గడ్డపు తొండ) పిల్లకు దీపాలెందుకని చాలామంది అడుగుతుంటారు. ఇది ఆస్ట్రేలియా లోపలి ఎడారి ప్రాంతాల జీవి, మన కంచెలపై తల ఊపే తొండకు దగ్గరి బంధువు. దీనికి వేడితోపాటు అతినీలలోహిత కిరణాల్లోని యూవీబీ కూడా కావాలి. ఆ కిరణాలు చర్మానికి తగిలితేనే డి3 విటమిన్ తయారవుతుంది, అది ఉంటేనే తిన్న కాల్షియం ఎముకలకు పడుతుంది. కిటికీ అద్దం యూవీబీని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. అందుకే అద్దం వెనుక ఎండలో ఉంచిన పిల్లకు ఉడుకే తప్ప ఉపయోగం ఉండదు.

ఈ పొరపాటు నేనూ చేశాను. ఒక మే నెల ఉదయం పెట్టెను కిటికీ పక్కన ఉంచి వంటింట్లోకి వెళ్లి వచ్చేసరికి, పిల్ల నోరు తెరిచి, నీడ దొరికే మూలకు ఒళ్లు అదిమిపెట్టుకుని ఉంది. వేడి రాయిపై కాసేపు నోరు తెరవడం మామూలే కానీ, తప్పించుకునే చల్లని చోటు లేకుండా అలా ఉండటం ప్రమాదం.

(దృశ్యం: పెట్టె రెండు చివర్లలో రెండు థర్మామీటర్లు.)

కాబట్టి పెట్టెలో ఒక చివర 40 డిగ్రీల దరిదాపుల్లో, రెండో చివర 25 నుంచి 29 డిగ్రీల మధ్య ఉండాలి. వేసవిలో గదే 35 దాటితే వేడి బల్బు ఆపి, యూవీబీ గొట్టాన్ని (ఆ కిరణాలనిచ్చే ట్యూబులైటును) మాత్రం వెలగనిచ్చి, గదిని చల్లబరచండి. రోజుకు 12 నుంచి 14 గంటల వెలుతురు, రాత్రి పూర్తి చీకటి అవసరం. గొట్టం వెలుగుతున్నా అందులో యూవీబీ తగ్గిపోతుంది కనుక, తయారీదారు చెప్పిన గడువుకు, సాధారణంగా 6 నుంచి 12 నెలలకు, మార్చాలి. నవంబరు వానల్లో పెట్టెలో చెమ్మ నిలవకుండా గాలి ఆడేలా చూడండి.

అడుగున ఇసుక వద్దు. పిల్ల పురుగుతోపాటు ఇసుకను మింగితే పేగుల్లో అడ్డుపడవచ్చు. పాత వార్తాపత్రిక పరిస్తే చాలు, రోజూ మార్చేయవచ్చు. పెద్దయ్యాక కనీసం 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు పెట్టె కావాలి.

(దృశ్యం: చిన్న డబ్బాలో కీచురాళ్లపై తెల్లని కాల్షియం పొడి చల్లి కదుపుతున్న చేయి.)

తొండ పిల్లల ఆహారంలో ఎక్కువ భాగం పురుగులే. కీచురాళ్లను కాల్షియం పొడిలో దొర్లించి రోజుకు రెండు మూడుసార్లు పెట్టండి. పెట్టే పురుగు, తొండ పిల్ల రెండు కళ్ల మధ్య దూరం కంటే పెద్దది కాకూడదు. మిగిలినవి రాత్రి పెట్టెలో ఉంటే నిద్రపోతున్న పిల్లనే కొరుకుతాయి, ఏరేయండి. పొలంలో పట్టిన మిడతలపై పురుగుమందు ఉండవచ్చు. మిణుగురు ఒక్కటి తిన్నా ప్రాణం పోవచ్చు. వీటితోపాటు సన్నగా తరిగిన మునగాకు, గుమ్మడి తురుము ఇవ్వండి. పాలకూర కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వదు కనుక దాని జోలికి వెళ్లకండి.

కాళ్లు వణకడం, దవడ మెత్తబడటం కనిపిస్తే అది ఎముకల జబ్బు సూచన, ఒక్కరోజు కూడా ఆగకుండా పశువైద్యుని దగ్గరకు తీసుకువెళ్లండి. సరీసృపాలకు చికిత్స చేసేవారు మన ఊళ్లో ఎవరున్నారో పిల్లను తెచ్చుకోకముందే విచారించి పెట్టుకోండి. దాని ఒంటిపై కడుపు జబ్బు తెచ్చే సాల్మొనెల్లా క్రిములు ఉండవచ్చు కాబట్టి, పట్టుకున్న ప్రతిసారీ ఇంట్లోని పిల్లలూ పెద్దలూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి, దాని గిన్నెలను వంటింటి తొట్టిలో కడగకూడదు.