జేజి ఎప్పుడూ టామ్ పక్షమే

(తెర మీద: మిద్దె మీద యాంటెన్నా. పైనుంచి ఒక గొంతు: "వచ్చిందా?" కిందనుంచి ఇంకో గొంతు: "ఇంగొంచెం తిప్పు... ఆ, ఆ... అబ్బా, పాయె!")

కర్నూలు పాతబస్తీలో మా ఇంట్లో ఆదివారం ఇలాగే మొదలయ్యేది. చిన్నాయన మిద్దె మీద, నేను వాకిట్లో, టీవీ లోపల. బొమ్మ కాస్త నిలబడేసరికి అమ్మ ఉగ్గాని, మిరపకాయ బజ్జీల పళ్లెం తెచ్చి పెట్టేది. అప్పుడు జంగిల్ బుక్ కార్టూన్‌లో మౌగ్లీ వచ్చేవాడు.

వచ్చేవాడు సరే, హిందీలో వచ్చేవాడు. మా ఇంట్లో ఎవరికీ హిందీ రాదు. అందుకని పక్కింటి దోస్తును పిలిచి ముందు కూర్చోబెట్టుకునేవాళ్లం. వాళ్లింట్లో ఉర్దూ మాట్లాడతారు. "భాలూ అంటే ఎలుగుబంటి, షేర్ అంటే పులి" అని మొదటి రోజే మాస్టారులా చెప్పేశాడు. అక్కణ్నుంచి మాకు వాడే సబ్‌టైటిల్. "ఏమంటాండాది రా ఎలుగ్గొడ్డు?" అని అడిగితే బజ్జీ నమిలి, మింగి, అప్పుడు తీరిగ్గా చెప్పేవాడు. ఒకరోజు షేర్ ఖాన్ గర్జించాడు. ఏమన్నాడు రా అంటే, "ఇంకో రెండు బజ్జీలు తెమ్మంటున్నాడు" అన్నాడు. నేను లేచి వంటింట్లోకి పోయాను కూడా.

(తెర మీద: ఒక గీత. కిప్లింగ్ ఇంగ్లిష్, జపాన్ బొమ్మలు, దూరదర్శన్ హిందీ, కర్నూలు తెలుగు.)

ఇప్పుడు ఆలోచిస్తే ఆ బజ్జీ వెనకాల ఎంత ప్రయాణం ఉందో చూడండి. రడ్‌యార్డ్ కిప్లింగ్ 1894లో ఇంగ్లిష్‌లో పుస్తకంగా వేసిన మన దేశపు అడవి కథలు. వాటిని 1989లో జపాన్‌లోని నిప్పాన్ యానిమేషన్ వాళ్లు 52 భాగాల సీరియల్‌గా బొమ్మలు గీశారు. 90లలో దూరదర్శన్ దాన్ని హిందీలోకి తెచ్చింది. పాట గుల్జార్ రాశారు, విశాల్ భరద్వాజ్ బాణీ కట్టారు, షేర్ ఖాన్‌కు నానా పటేకర్ గొంతు ఇచ్చారు. చివరి మజిలీలో మా దోస్తు దాన్ని తెలుగు చేసి, కూలి కింద బజ్జీలు తీసుకున్నాడు.

తర్వాత మా వీధికి కేబుల్ వచ్చింది. కార్టూన్ నెట్‌వర్క్ మన దేశంలో 1995లో మొదలైంది. మా దాకా రావడానికి ఇంకో రెండు మూడేళ్లు పట్టింది. పగలంతా కార్టూన్లు, రాత్రయితే అదే ఛానెల్‌లో పాత ఇంగ్లిష్ సినిమాలు. సగం నవ్వులో ఉండగా బొమ్మ మారిపోయి, ఎవరో టోపీ పెట్టుకున్నాయన సిగరెట్ వెలిగించేవాడు. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

అయితే టామ్ అండ్ జెర్రీకి దోస్తుతో పని పడలేదు. ఎందుకంటే అందులో మాటలే లేవు, ఉన్నా వాటితో అవసరం లేదు. మాటల పనంతా సంగీతం చేస్తుంది. స్కాట్ బ్రాడ్లీ అనే ఆయన పిల్లి ఒక్కో అడుగుకు ఒక్కో స్వరం కట్టినట్టు రాసేవాడు. ఈసారి కళ్లు మూసుకుని వినండి. పిల్లి మెల్లగా వస్తోందా, జారిపడిందా, ఇస్త్రీపెట్టె నెత్తిన పడిందా, అన్నీ చెవికే తెలిసిపోతాయి. ఇక తోక నలిగినప్పుడు టామ్ పెట్టే కేక ఉంది కదా, అది సృష్టికర్తల్లో ఒకరైన విలియం హన్నా సొంత గొంతు.

మాటలు లేకపోబట్టి మా జేజి కూడా వచ్చి కూర్చునేది. గోడకు ఆనుకుని, కాళ్లు చాపి, ఒళ్లో చాటలో శెనక్కాయలు వేసుకుని ఒలుస్తూ చూసేది. మేమందరం జెర్రీ పక్షం. జేజి ఒక్కతే టామ్ పక్షం.

"పొద్దన్నుంచి కూడు లేదు రా దానికి. ఆ చుంచెలుక సూడు, ఎట్ల ఉరికిస్తాందో!"

మేం పడీపడీ నవ్వేవాళ్లం. "జేజీ, పిల్లే కదా ఎలుకను తినేది?" అంటే, "తినిందా ఎప్పుడన్నా? నువ్వు సూసినావా?" అని ఎదురడిగేది. నిజమే, చూడలేదు.

(తెర మీద: 1940. చీపురు పట్టుకున్న ఒక మనిషి కాళ్లు మాత్రం. ముందు వణుకుతున్న పిల్లి.)

చాలా ఏళ్ల తర్వాత ఆ సిరీస్‌లో మొదటిది చూశాను. 1940లో హన్నా, జోసెఫ్ బార్బెరా కలిసి ఎంజీఎం సినిమా కంపెనీలో తీశారు. అప్పటికి పిల్లి పేరు టామ్ కాదు, జాస్పర్. కథేమిటంటే, ఇల్లు చూసుకునే ఆవిడ పిల్లిని నిలబెట్టి ఇంకొక్క వస్తువు పగిలిందంటే ఇంట్లోంచి గెంటేస్తానంటుంది. అది ఎలుక విన్నది. ఇక చూడండి, గ్లాసు తీసుకుని బల్ల అంచుకు పోతుంది, వదిలేస్తానని బెదిరిస్తుంది. పిల్లి పరుగున వచ్చి దిండ్లు పరుస్తుంది.

అంటే పిల్లికి అది ఆట కాదు, ఉద్యోగం. తప్పు జరిగితే తిండి, నీడ రెండూ పోతాయి. మేం నవ్వుతున్నంతసేపూ శెనక్కాయలు ఒలుస్తూ జేజి చూసింది అదే. ఆ సిరీస్‌కు ఏడు ఆస్కార్లు వచ్చాయి. వాటిలో ఒకటి మా జేజికి ఇవ్వాల్సింది.

సరే, ఇప్పుడు ఆ పిల్లి కదిలేది ఎలాగో చూద్దాం.

(తెర మీద: ఎక్కాల పుస్తకం. పేజీ మూలన చిన్న బంతి బొమ్మ. బొటనవేలితో పేజీలు వదిలితే బంతి ఎగురుతుంది.)

ఇది అందరం చేసిందే, మాస్టారు చేతిలో దెబ్బలు తిన్నదే. సినిమా రీలులో సెకనుకు 24 ఫ్రేములు. కార్టూన్లలో మామూలుగా ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములకు వాడతారు. అంటే సెకనుకు 12 బొమ్మలు. ఏడు నిమిషాల కథకు లెక్కేయండి: 420 సెకన్లు, 12తో గుణిస్తే 5040. ఇది పిల్లి ఒక్కదానికే. ఎలుక, కుక్క, గాల్లో ఎగిరే పళ్లేలు అన్నీ వేరే. పైగా అన్నీ చేత్తో గీసినవి.

1957లో ఎంజీఎం తన కార్టూన్ల విభాగాన్ని మూసేసింది. హన్నా, బార్బెరా టీవీకి వచ్చారు. అక్కడ డబ్బు తక్కువ, వారం వారం కథ కావాలి. అన్ని బొమ్మలు ఎవరు గీస్తారు? అందుకని ఒక ఉపాయం పట్టారు. యోగి బేర్‌ను గుర్తు తెచ్చుకోండి. ఒంటి మీద చొక్కా లేదు, కానీ మెడలో కాలరు, టై ఉంటాయి. ఎలుగుబంటికి టై ఎందుకా అని నేనూ అనుకునేవాణ్ని. అది సోకు కాదు, అతుకు. మెడ దగ్గర ఆ గీత ఉంటే ఒళ్లు కదలకుండా ఉంచి, తల మాత్రం మళ్లీ గీసుకోవచ్చు. అతుకు కనబడదు. మనిషి ఇంట్లో పరుగెత్తుతుంటే అదే కిటికీ, అదే బల్ల నాలుగైదుసార్లు వెనక్కి పోవడమూ అందుకే. ఇల్లు అంత పెద్దదేం కాదు, గీసిన గోడ ఒక్కటే.

కార్టూన్లు ఏం నేర్పాయి అని అడుగుతుంటారు. పొపాయ్ పాలకూర తినమన్నాడు. మా ఇంట్లో సంగటిలోకి పాలకూర పప్పు వండిన రోజు నేను కండలు చూసుకున్నాను, ఏమీ రాలేదు. స్కూబీ డూ నయం. దయ్యం ముసుగు లాగితే లోపల ఎప్పుడూ ఒక మనిషే. వాడికి కావాల్సింది ఆ స్థలమో, అందులో దాచిన సొమ్మో. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాల కోసం జనం వెతికే జిల్లాలో పుట్టిన పిల్లలకు ఆ కథ విడమరిచి చెప్పక్కర్లేదు.

(తెర మీద: మిద్దె మీద, వెనక డబ్బా విప్పి ఎండలో పెట్టిన టీవీ.)

2009 అక్టోబర్ 2. తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగి ఊళ్లోకి వచ్చిన రోజు. మేం మిద్దె ఎక్కాం, టీవీ కింద ఉండిపోయింది. నీళ్లు తీశాక వెనక డబ్బా విప్పితే లోపల అరచేతి మందం ఒండ్రు. పది రోజులు ఎండబెట్టాం. పని చేయదని తెలుసు, అయినా పెట్టాం. జేజి అప్పటికి లేదు.

అదే ఏడాది ఖుషీ టీవీ వచ్చింది. కార్టూన్లు మొత్తం తెలుగులో. కొత్త టీవీ కొన్నాక మా అక్క కూతురు డోరా అనే కార్టూన్ ముందు కూర్చునేది. డోరా ఏదో అడిగి, కళ్లార్పుతూ ఆగుతుంది. ఇది పైకి గట్టిగా జవాబు చెప్పేది. ఆ ఆగడం కావాలని పెట్టిందే, పిల్ల నోరు తెరవాలని. నాకు భలే నచ్చింది. ఒక్కటే వెలితి. అందులో పక్కింటివాణ్ని పిలవాల్సిన అవసరం లేదు, బజ్జీ ఇవ్వాల్సిన పనీ లేదు.

ఈ వీడియో కోసం నేనూ పాతిక రూపాయల నోటుపుస్తకం ఒకటి కొన్నాను. పేజీ మూలన పెన్సిల్‌తో 24 బొమ్మలు గీశాను. సెకనుకు 12 చొప్పున రెండు సెకన్లు. రెండు సాయంత్రాలు పట్టింది. తోక సరిగ్గా కుదరలేదు.

(తెర మీద: బొటనవేలు పేజీలు వదులుతుంది. పిల్లి నడిచి వస్తుంది. పళ్లెం ముందు కూర్చుంటుంది. కూడు తింటుంది. చుట్టుపక్కల ఎలుక లేదు.)